మిషనమ్మ కంచం

మా ఇంటి దేవత ఎవరో నాకు తెలియదు. ముప్పై మూడేళ్లుగా ఆమెకు దీపం పెడుతున్నదాన్ని నేనే కాబట్టి ఈ మాట బయటికి అనడానికి భయపడేదాన్ని. ఆమె పేరు మిషనమ్మ. కోరుట్లలో మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఆమె లేదు. మా పుట్టింటివాళ్లది ముత్యంపేట, అక్కడా ఎవరూ వినలేదు. పంతులుగారిని అడిగితే, "గ్రామదేవతలు మస్తు మంది ఉంటరమ్మా, అందరు మాకు ఎట్ల తెలుస్తరు" అన్నారు.

పెత్రమాస, అంటే పితృ అమావాస్య, వెళ్లిన మూడో రోజు మిషనమ్మ పండుగ. వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మ పూల కోసం తిరుగుతుంటే మేం లోపలి అర్ర కడిగి రెండు పీటలు వేస్తాం. విగ్రహం లేదు, పటం లేదు. ఒక పీట ముందు ఇత్తడి కంచంలో అన్నం, పప్పు, బెల్లం పరమాన్నం, రెండు ఎండు కొబ్బరి కుడుకలు. పక్కన చెంబుతో నీళ్లు. నైవేద్యం కాబట్టి వండేటప్పుడు ఎవరూ రుచి చూడకూడదు. రెండో పీట మీద మా అత్త నర్సవ్వ కూర్చుని తలుపు వేసుకుంటుంది. మేం బయట చేతులు కట్టుకుని నిలబడతాం. కాసేపటికి ఆమె తలుపు తీసి, "అయిపోయింది, తినుండ్రి" అంటుంది. అంతే పూజ. మంత్రం కూడా లేదు.

దేవుళ్లలో మా మిషనమ్మంత తక్కువ అడిగేవాళ్లు లేరని నేను అనుకునేదాన్ని. అయినా పలికేది. మా ఆయన జలపతికి దుబాయి వీసా ఆమెకు మొక్కాకే వచ్చింది. మూడేళ్ల కింద మా బిడ్డ ప్రణీతకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు నేను ఆ ఖాళీ పీట ముందు రాత్రంతా కూర్చున్నాను. తెల్లారి అంకె పెరిగింది. ఎవరు పెంచారో తెలుసుకోవాలని అప్పటి నుంచీ మనసులో ఉంది. ఉపకారం చేసినవాళ్ల అడ్రసు తెలియకపోతే మనిషికి నిద్ర పట్టదు.

ఈ ఏడు ఆ సంగతి ముదిరింది. ఇరవై రెండేళ్లు దుబాయిలో జేసీబీ నడిపి వచ్చిన మా ఆయన, వాకిట్లో పాత బర్రెల కొట్టం ఉన్న జాగాలో మిషనమ్మకు చిన్న గుడి కట్టాలని పట్టుపట్టాడు. పాలరాతి బండలు కూడా దింపించాడు. పండుగ రోజే ముగ్గు పోయాలని ముహూర్తం. పంతులుగారేమో, "అమ్మవారి మూలస్థానం ఏది, వాహనం ఏంది, చేతుల్లో ఏం ఉంటయి, అవి తెల్వకుండ ప్రతిష్ఠ ఎట్ల చేయిస్త" అన్నారు.

"గింత దానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు మా ఆయన. "మిషిన్లకు అమ్మ గాబట్టి మిషినమ్మ. పాత మనుషులకు నోరు తిరుగక మిషనమ్మ అన్నరు. నేను జేసీబీ ఎక్కింది ఉత్తగనే ఎక్కిన్నా? ఒక చేతుల పానా పెట్టుమని శిల్పికి చెప్తా."

"అమ్మవారి చేతిలో పానా ఏందయ్యా? నట్లు విప్పుతదా?" అన్నాను.

మంచం మీద కూర్చున్న మా అత్త టీవీ చప్పుడు తగ్గించింది. "గుడి ఎందుకురా? ఆమె గుడి అడిగిందా నిన్ను?"

"మరి ఏం అడిగింది అవ్వా?"

ఆమె మళ్లీ చప్పుడు పెంచింది.

ఆ సాయంత్రం ఆమె కాళ్లకు నూనె రాస్తూ మెల్లగా అడిగాను. "ముహూర్తం ఇంక పదిహేను రోజులే ఉన్నది అత్తమ్మా. ఆమెది ఏ ఊరో గదన్న చెప్పు."

"సిర్సిల్ల దిక్కు మనిషి."

"మనిషా?"

"దేవత అన్న. నీకు చెవులు మందమైనయి." గోడ వైపుకు తిరిగింది. "పోతే పో. ఆడ నా పేరు చెప్పకు."

దేవత ముందు అత్త పేరు ఎందుకు చెప్పకూడదో నాకు అర్థం కాలేదు. ఉన్న అనుమానానికి ఇంకొకటి తోడైంది.

మర్నాడు పొద్దున్నే ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని జగిత్యాల బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మా ఆయన కూడా అడ్డు చెప్పలేదు. కండక్టర్ నడివయసు ఆమె, మాటకారి.

"ఎక్కడిదాకా అక్కా?"

"జగిత్యాల. ఆడికెళ్లి సిర్సిల్ల పోవాలె."

"సిర్సిల్లల ఏం పని? చీరెలా?"

"ఒక దేవతను ఎతుకుతున్న చెల్లె."

ఆమె నా మొహం చూసింది, జీరో టికెట్ చింపి చేతిలో పెట్టింది. "దొరికితే నా పేరు మీద గూడ ఒక మొక్కు మొక్కు. డబల్ డ్యూటీలు తప్పాలని."

జగిత్యాలలో బస్సు మారి, కొడిమ్యాల మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. దారిలో వేములవాడ రాజన్నకు బస్సులోంచే దండం పెట్టుకున్నాను. దిగకుండా పోతున్నందుకు తప్పు కాయమన్నాను. పేరున్న దేవుణ్ని దాటి పేరు సరిగా తెలియని దేవత కోసం పోవడం నాకే కొత్తగా ఉంది.

సిరిసిల్ల బస్టాండు ముందు ఆటో పిల్లవాడు తన పేరు క్రాంతి అన్నాడు. మిషనమ్మ కాడికి పోవాలని చెప్పాను. "మిషన్ కాడికా? ఎక్కు అమ్మా" అని బేరం కూడా ఆడకుండా తీసుకుపోయాడు. ఊరి చివర పెద్ద నీళ్ల ట్యాంకు ముందు ఆపాడు.

"గిదే అమ్మా. మిషన్ భగీరథ. గింత పెద్ద మిషన్ సిర్సిల్లల ఇంకోటి లేదు."

"నేను అడిగింది దేవత నాయినా."

"నీళ్లిచ్చే దేవత గిదే గదా మరి."

అదీ నిజమే. వచ్చినదాన్ని ఊరికే పోకూడదని ట్యాంకుకు దండం పెట్టాను. క్రాంతి నా వైపు అనుమానంగా చూసి, "ముసలోళ్లు ఉండే కాడికి తోల్కపోతా" అని నేతకార్మికుల వాడకు మళ్లించాడు.

అక్కడ గల్లీ గల్లీకీ సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. వాటి చప్పుడుకు నేల కూడా అదురుతుంది. ఒక షెడ్డులో డెబ్భై దాటిన పరశురాములు అనే ఆయన దారం అతుకుతున్నాడు. నేను గొంతెత్తి, "మిషనమ్మ! మిషనమ్మ!" అన్నాను.

"మిషిని అమ్ముతరా?" అని ఆయనా అరిచాడు. "పాతదా కొత్తదా?"

"అమ్ముడు కాదు! అమ్మ! మిషన్ అమ్మ!"

"నేను కొనను! ఉన్నయే నడుస్తలేవు!"

ఆటో పిల్లవాడు నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. చివరికి పరశురాములు సాంచె బంద్ చేశాడు. ఆ నిశ్శబ్దంలో నేను మళ్లీ అడిగాను. ఆయన మొహం ఒక్కసారి మారిపోయింది.

"మిషనమ్మనా? ఎందుకు తెల్వది! మా పెద్ద పోరడు ఆమె చేతుల్లనే పుట్టిండు."

"దేవతనా?"

"దేవతనే. బూతులు మస్తు తిడుతుండె."

నేను అక్కడే ఉన్న దారం చుట్టే బీము మీద కూర్చున్నాను. ఆయన నింపాదిగా చెప్పాడు. ఆయన భార్యది జగిత్యాల. ఆ రోజుల్లో అక్కడ కిరస్తానీ మిషన్ వాళ్ల చిన్న దవాఖాన ఉండేదట. తెల్ల డాక్టరమ్మ ఉండేది కానీ సగం రోజులు ఊళ్లు తిరుగుతుండేది. కాన్పులన్నీ చేసింది ఆయా ముత్తవ్వ. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కూలికి వచ్చి, ఊడ్చే పనిలో చేరి, చూసి చూసి పని నేర్చుకున్న మనిషి. జనం ఆమెను మిషనమ్మ అనేవాళ్లు.

"ఇప్పుడు..." అన్నాను.

"ఉన్నది. పోయినేడు మా ఆమె పోయి చూసచ్చింది. జగిత్యాలల కోట ఎనుక చర్చి సందు. మనుమరాలు బస్సు కండక్టర్."

మిషిని అమ్ముకోవడానికి వచ్చినదానిలా నేను ఉత్త చేతులతో లేచాను. తిరుగు బస్సులో వేములవాడ మళ్లీ వచ్చింది. ఈసారి దండం పెట్టడానికి చేతులు లేవలేదు. రాజన్న మీద కోపం కాదు, ఇన్నేళ్లు నేను ఎవరికి పెట్టిన దండం ఎవరికి చేరిందో లెక్క తేలలేదు. ఒక ఆయాకు, అదీ ఏసయ్యను నమ్ముకున్న మనిషికి, నేను మా బిడ్డ ప్రాణం అప్పజెప్పానా? మరి ఆ ప్లేట్‌లెట్లు ఎవరు పెంచినట్టు?

జగిత్యాలలో దిగి పాత మిషన్ దవాఖాన ఎక్కడని నలుగురిని అడిగాను. ముగ్గురు తెలియదన్నారు. నాలుగో ఆయన ఒక సెల్‌ఫోన్ల దుకాణం చూపించాడు. దానికి ఆనుకుని హెల్మెట్లు అమ్మే బండి, జ్యూస్ సెంటరు. దవాఖానది మిగిలింది మూడు రాతి మెట్లే. వాటి మీద నిలబడి పిల్లలు సెల్ఫీ దిగుతున్నారు. కోట ఎవరు కట్టారో ఊళ్లో ఎవరిని అడిగినా ఏదో ఒక కథ చెబుతారు, ఫ్రాన్సు ఇంజనీర్ల దాకా పోతారు. ఈ మెట్ల మీద ఎంతమంది తల్లులు ఎక్కి దిగారో చెప్పడానికి ఒక్కరూ లేరు. పొద్దున బస్సులో ఈ దుకాణం ముందు నుంచే పోయాను.

చర్చి సందులో రేకుల ఇంటి ముందు ఖాకీ చొక్కా ఆరేసి ఉంది. తలుపు తీసింది పొద్దుటి కండక్టరే. పేరు కృపారాణి.

"ఏమక్కా, దేవత దొరికిందా?" అని నవ్వింది.

"మీ ఇంట్లనే ఉన్నదట చెల్లె."

లోపల నవారు మంచం మీద ముత్తవ్వ కూర్చుని ఉంది. ఎనభై ఏళ్లు. నల్లగా, సన్నగా, కళ్లు మాత్రం పదునుగా ఉన్నాయి. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను ఆ చేతులనే చూస్తూ కోరుట్ల అని, జలపతి అని, పెత్రమాస మూడో రోజు అని చెప్పాను.

"కాళ్లు ముందటికి అచ్చిన పోరడు!" అంది వెంటనే. "బండి మీద తెచ్చిండ్రు. వాగు పొంగుతున్నది. డాక్టరమ్మ లేదు. నర్సవ్వకు పందొమ్మిదేండ్లు, నాకు ఇర్వై రెండు. ఇద్దరం ఏడ్చినం. పోరడు ఎట్లున్నడు?"

"యాభై ఎనిమిదేండ్లు. షుగరున్నది."

పెత్రమాస మూడో రోజు. అప్పటికి గాని నాకు తట్టలేదు. మా ఆయన పాస్‌పోర్టులో పుట్టినరోజు జూలై ఒకటి అని రాయించారు, గల్ఫుకు పోయిన సగం మందిలాగే. అందుకని పండుగ రోజూ ఆయన పుట్టిన రోజూ ఒకటేనని ఇంట్లో ఎవరూ చూసుకోలేదు.

ఫోన్ తీసి నిరుటి పండుగ ఫోటో చూపించాను. రెండు పీటలు, కంచం, దీపం. ముత్తవ్వ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"గిది నేనా?"

"అవును."

"పీట నేనా, కంచం నేనా?"

కృపారాణి పగలబడి నవ్వింది. ముసలామె నవ్వలేదు. "ఏసయ్యా, నన్ను దేవతను జేసిండ్రు. పాపం నాకు తగులుతదా, ఆళ్లకు తగులుతదా?" అని పైకి చూసి, తర్వాత నా వైపు తిరిగింది. "నర్సవ్వ అప్పుడు నా చెయ్యి పట్టుకున్నది బిడ్డా. 'నిన్ను మా ఇంటికి పిలుస్త, నా పక్కన కూసోబెట్టి బువ్వ పెడ్త' అన్నది. నేను ఏం అడగలే. ఆమెనే అన్నది. ఇర్వై ఒక్కటోనాడు పోరన్ని తొట్లెల ఏసుడుకు పిలిస్తే పోయిన. మీ అత్తకు అత్త ఉంటుండె చూడు, ఆమె బర్రెల కొట్టంల ఇస్తరేసింది. పెండ మీద. నేను ఆకలి లేదని లేచి అచ్చిన. నర్సవ్వ కిటికీలకెళ్లి చూస్తున్నది."

నేను ఫోన్ తీసుకుని ఆ ఫోటో మూసేశాను.

"దేవతను జేస్తే ఇంట్లకు రానియ్యక్కరలేదు గదా అక్కా," అంది కృపారాణి. అరవలేదు, టికెట్ ఇచ్చినంత మామూలుగా అంది. "మంచి ఉపాయమే."

"ఊకో వే," అని ముత్తవ్వ కసిరింది.

నేను అడగాల్సినది ఒకటి మిగిలి ఉంది. "అమ్మా, మూడేండ్ల కింద వానకాలంల మా బిడ్డకు పానం మీదికి అచ్చింది. రాత్రంతా నీకు మొక్కిన. నీకు ఏమన్న తెలిసిందా?"

ఆమె లెక్క వేసుకుంది. "మూడేండ్ల కిందనా? అప్పుడు నేనే మోకాలు ఇరిగి మంచంల ఉన్న. నాకెట్ల ఎర్క?"

"మరి ఎవలు విన్నట్టు?"

"ఇన్నోడు ఇన్నడు తియ్యి. పిల్ల మంచిగున్నదా లేదా?"

చాలా పెద్ద ప్రశ్న తీసుకుని పోయాను. ఇంత చిన్న జవాబు వచ్చింది. అయినా ఆ రోజు బస్సులో నాకు నిద్ర పట్టింది.

ఇంటికి చేరేసరికి పొద్దు ఉంది. అత్త గుమ్మంలోనే కూర్చుంది. నేను చెప్పులు విడవకముందే, "బతికే ఉన్నదా?" అంది.

"ఉన్నది."

అప్పుడు చెప్పింది, మా ఆయన ముందే. కిటికీలోంచి చూసిన కోడలికి ఆ రోజు అత్తకు ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది. మరుసటి ఏడు అదే రోజున, జగిత్యాలలో మిషనమ్మ అని పిల్లల దేవత ఉందనీ, లోపలి అర్రలో పీట వేసి పెట్టకపోతే పిల్లవాడికి ఆపద అనీ అంది. "ముత్తవ్వకు బువ్వ పెడ్తనంటే మా అత్త నన్ను గూడ కొట్టంల తోలుతుండె. దేవతకు అంటే ఆమెనే పరమాన్నం వండింది."

"గా ముసలామె పోయి నలభై ఏండ్లాయె గదా అవ్వా. తర్వాతన్న పిలువకపోతివి?" అన్నాడు మా ఆయన.

"రేపు మాపు అనుకుంట ఉంటే ఆమె పేరు మీద నీకు వీసా అచ్చింది. నీ తమ్ములు కొబ్బరికాయలు కొడుతున్నరు. గామె దేవత కాదు ఆయా అని ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?" కొంగుతో మొహం తుడుచుకుంది. "అయినా అప్పటికి నేనే అత్తనైన."

మా ఆయన పాలరాతి బండల మీది దుమ్ము తుడిచాడు. "అయితే పానా అక్కరలేదు," అన్నాడు. మంచివాడే మా ఆయన. "పండుగనాడు ఆమెను పిలుద్దాం. వాకిట్ల కుర్చేసి, పెద్ద ఫ్యాన్ పెట్టి, మర్యాదగ..." అన్నాడు.

"వాకిట్ల ఎక్కడ్రా?" అంది అత్త.

ఆయన చెయ్యి చూపించింది కొట్టం జాగానే. చూపించాక ఆయనకే తెలిసింది. చెయ్యి దించేశాడు. పంతులుగారికి ముహూర్తం వద్దని ఫోన్ చేసింది ఆయనే.

పెత్రమాస మూడో రోజు కృపారాణి సెలవు పెట్టి అమ్మమ్మను తీసుకొచ్చింది. ముత్తవ్వ పాలరాతి బండ మీద కూర్చుని కాళ్లు కడుక్కుంది. ఆ బండ ఏ పని కోసం తెప్పించామో ఎవరమూ చెప్పలేదు. వాడకట్టులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. అత్త గుమ్మం దాటి ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. యాభై ఎనిమిదేళ్ల తర్వాత ఏదో ఒక మంచి మాట అంటుందని నేను చూశాను.

"మస్తు ముసల్దానివైనవ్ ముత్తవ్వా," అంది.

"నువ్వు పడుచుదానివే ఉన్నవ్ తియ్యి నర్సక్కా."

లోపలి అర్రలో రెండు పీటలు. ఒక పీట మీద ఇన్నేళ్లలో మొదటిసారి మనిషి కూర్చుంది. ఈసారి అత్త ముందు కూడా కంచం పెట్టాను. తలుపు వేయబోతే అత్త వద్దంది. మేమంతా అలవాటు కొద్దీ బయట చేతులు కట్టుకునే నిలబడ్డాం. ముత్తవ్వ కళ్లు మూసుకుని తన దేవుడికి ఏదో చెప్పుకుంది. మా అత్త కళ్లు తెరుచుకునే ఉండి ఆమె కోసం ఆగింది. తర్వాత ముత్తవ్వ పప్పు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపింది.

"గిదేనా నర్సక్కా, ఏటేటా నాకు పెట్టింది?"

"గిదే."

"ఉప్పు లేదు."

నైవేద్యం రుచి చూడరు కదా. అత్త తన కంచంలోంచి ఒక ముద్ద తిని చూసింది. నిజంగానే లేదు. ఎన్నేళ్ల నుంచి లేదో ఆ దేవుడికే తెలియాలి, మేం పెరుగు కలుపుకుని తినేశాం. మా ఆయన సిగ్గుతో తలొంచుకున్నాడు. నేను వంటింటి వైపు కదిలాను.

"నువ్వు ఆగు జమునా," అంది అత్త. మోకాళ్ల మీద చేతులు ఆనించి, గోడ పట్టుకుని తనే లేచింది. వంటింట్లోకి పోయి ఉప్పు గిన్నె తెచ్చింది. వంగి, ముత్తవ్వ కంచంలో తన చేత్తో చిటికెడు వేసింది.

"సాల్తదా?"

ముత్తవ్వ కలిపి ఇంకో ముద్ద తిన్నది. "ఇంక కొంచెం," అంది.

అత్త ఇంకొంచెం వేసి, తన పీట మీద కూర్చుని, తన కంచం దగ్గరికి లాక్కుంది.